శవం వేషం

మూడో అంతస్తులో అరుణ్‌కుమార్ పాఠం చెబుతున్నాడు. రెండో అంతస్తులో అరుణ్‌కుమార్ ఖాళీగా కూర్చుని ఆ పాఠం వింటున్నాడు.

పైన ఉన్నవాడు టీవీలో ఉన్నాడు. నీలం చొక్కా, నున్నగా దువ్విన తల. పాఠం మధ్యలో దగ్గు కూడా రాదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ కోచింగ్ సెంటర్‌లో, జూనియర్ లెక్చరర్ పరీక్షకు తెలుగు చెప్పే సారు అతనే. ఎండాకాలంలో యజమాని జోగారావు అతన్ని ఒక ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి పాఠాలన్నీ వీడియో తీయించాడు. అప్పట్నుంచి క్లాసు టీవీయే చెబుతోంది. పిల్లలకు కూడా టీవీలో సారే నచ్చాడు. ఆయన్ని ఒకటిన్నర స్పీడులో పెట్టుకోవచ్చు. కింద ఉన్న సారుని ఎంత తరిమినా ఆ స్పీడు అందుకోలేడు.

కింద ఉన్న సారుకి ఒక గది ఇచ్చారు. తలుపు మీద 'సందేహాల గది' అని కాగితం అంటించారు. సాయంత్రం ఒక గంట అందులో కూర్చోవాలి. ఎవరికైనా డౌటు ఉంటే వస్తారు. ఇంతవరకూ ఎవరూ రాలేదు. అందులో తప్పు పూర్తిగా అరుణ్‌కుమార్‌దే. ఒక్క సందేహం కూడా మిగలకుండా చెప్పేశాడు.

జోగారావు గుమ్మంలో ఆగి ఖాళీ కుర్చీల వంక చూసి, వాటిని పలకరించినట్టు తల ఊపాడు.

"ఏవండీ అరుణ్‌కుమార్ గారూ, ఇవాళ కూడా ఎవరూ రాలేదాండీ?"

"నిన్న మెట్ల మీద ఒకమ్మాయి అడిగింది సార్."

"మెట్ల మీద అడిగింది లెక్కలోకి రాదండీ. గదిలోకి వచ్చి అడగాలి. కెమెరా గదిలో కదండీ ఉంది." జోగారావు గోడకున్న కెమెరా మీద దుమ్ము ఉఫ్ మని ఊదాడు. "నేనేమీ అనుకోవడం లేదండీ. ఈ గది రీజనింగ్ సారు అడుగుతున్నారు. ఈ వారంలో ఒక్కరైనా వస్తే ఉంచుదాం. లేకపోతే మీరు ఇంటి దగ్గర హాయిగా ఉండండి. పాఠం ఎలాగూ నడుస్తోందిగా."

పాఠం నడుస్తూనే ఉంది. పైకప్పులోంచి వినబడుతోంది. "ఇప్పుడు నాటకంలోని ప్రతీకలు మళ్ళీ ఒకసారి చూద్దాం. ఒకటి, మూసిన తలుపు. రెండు, దీపం. మూడు, ముల్లు."

అది సిలబస్‌లో మూడో యూనిట్ నాటకం. విషాదాంతం. కథ చిన్నదే. పొద్దుగూకాక కోట తలుపు ఎవరికీ తీయకూడదని రాజు ఆజ్ఞ వేస్తాడు. యుద్ధంలో దెబ్బతిన్న కొడుకు చీకటి పడ్డాక వచ్చి తలుపు కొడతాడు. శత్రువేమోనని లోపల ఎవరూ కదలరు. తల్లి దీపం పట్టుకుని తలుపు దాకా వస్తుంది. ఆజ్ఞ గుర్తొచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. తెల్లారి తలుపు తీస్తే గుమ్మంలో కొడుకు శవం. తల్లి ఏడవదు. కొడుకు పాదం ఒళ్ళో పెట్టుకుని, అందులో విరిగిన ముల్లు తీస్తుంది. అక్కడ తెర పడుతుంది. పరీక్షలో రెండు బిట్లు వస్తాయి.

క్లాసు అయిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు జల్లున కిందికి దిగింది. అరుణ్‌కుమార్ గది తలుపు ఇంకొంచెం బార్లా తెరిచి, అనుకోకుండా అక్కడ ఉన్నవాడిలా నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక చివర్న సంతోషి దిగింది. నిన్న మెట్ల మీద అడిగిన అమ్మాయి ఈమే. ఎల్బీనగర్ నుంచి వస్తుంది. భుజాన సంచి, చేతిలో కడగని టిఫిన్ డబ్బా.

"సార్, నిన్నటి డౌటే. ముల్లు అధికారానికి ప్రతీక అన్నరు వీడియోల. మరి సచ్చిపోయినోని కాలుల ముల్లు తీస్తే ఏం ఫాయిదా సార్? గామె ఎందుకు తీస్తది?"

"అంటే, అధికారం మనిషి దేహంలో దిగబడిన తీరుని ఆ ముల్లు సూచిస్తుందన్నమాట. తల్లి దాన్ని తొలగించడం..."

"గది వీడియోల ఉంది సార్."

"ఉంది." అరుణ్‌కుమార్ గదిలోకి చెయ్యి చూపించాడు. "రామ్మా, లోపల కూర్చుని మాట్లాడుకుందాం. ఫ్యాన్ కూడా వేశాను." ఫ్యాన్ సంగతి చెప్పకుండా ఉండాల్సిందని అతనికి వెంటనే అనిపించింది.

"బస్సు పోతది సార్." ఆమె రెండు మెట్లు దిగి ఆగింది. "రేపు మా కాలనీ గణేశుని కాడ గదే నాటకం ఏస్తున్నరు. మీరు మస్తుసార్లు సూసే ఉంటరు."

అరుణ్‌కుమార్ తల ఊపాడు. ఆ ఊపుని అవునన్నా అనుకోవచ్చు, కాదన్నా అనుకోవచ్చు. అతని పాఠం విని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు ఆదిలాబాద్ నుంచి అలంపూర్ దాకా రోజూ పొద్దున్నే తమ క్లాసుల్లో ఆ కోట తలుపు మూస్తూ, మధ్యాహ్నానికి తెరుస్తూ ఉన్నారు. అతను మాత్రం ఆ నాటకం ఎప్పుడూ చూడలేదు.

సరూర్‌నగర్‌లో అతని గదికి దగ్గర్లోనే మెస్సు. ఇద్దరు కూర్చునే బల్ల ముందు కూర్చున్నాడు. పప్పు వచ్చింది. పప్పు వెనకే ఎవరో వచ్చి ఎదుటి కుర్చీ వీపు పట్టుకున్నారు.

"గిది ఖాళీయేనా సార్?"

"ఖాళీయే."

కుర్చీ వెళ్ళిపోయింది. అది రోజూ వెళ్ళిపోతుంది. కొన్ని రోజులు అతను నోరు తెరిచి మాట్లాడిన మాట ఆ ఒక్కటే అవుతుంది. అందుకని దాన్ని స్పష్టంగా పలుకుతాడు.

*

సంతోషి వాళ్ళ కాలనీ వినాయకుడు రెండంతస్తుల ఎత్తున్నాడు. తొండం పక్కింటి బాల్కనీ దాకా వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళు దాని మీద తువ్వాళ్ళు ఆరేయకుండా కమిటీ ఒక మనిషిని కాపలా పెట్టింది. ఎదురుగా చెక్క స్టేజీ. దాని మధ్యలో ప్లైవుడ్ కోట తలుపు. నాటకం అయ్యాక లడ్డూ వేలం ఉంది కాబట్టి జనం సాయంత్రమే వచ్చి కుర్చీలన్నిట్లో చేతిరుమాళ్ళు వేసి వెళ్ళారు. ముందు వరసలో అంతా చేతిరుమాళ్ళే కూర్చుని ఉన్నాయి. అరుణ్‌కుమార్‌కి చోటు దొరకలేదు. స్టేజీ వెనక జనరేటర్ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

అక్కడ రాజు ఫోన్లో అరుస్తున్నాడు. నెత్తిన కిరీటం, మెడలో తువ్వాల. పేరు సీతారాములు. బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ గొంతుతో ఎవర్ని పిలిచినా పిలవనివాళ్ళు కూడా రెండడుగులు ముందుకు జరుగుతారు.

"ఏడున్నవ్‌రా వినయ్? ట్రాఫిక్‌లనా? ఏం ట్రాఫిక్‌రా, మీ ఇల్లు గీ సందులనే ఉన్నది." కాసేపు విన్నాడు. ఫోన్ కిందికి దించి, చెక్కపెట్టె మీద కూర్చున్న ముసలామెతో అన్నాడు. "అండాలమ్మా, కత ఖతం. గణపతి ముంగట పీనుగ లెక్క పండుకుంటవారా అని వాళ్ళమ్మ పోరన్ని లోపలేసి గొళ్ళెం పెట్టిందట."

అండాలమ్మ రాణి. అప్పుడే కూరగాయల మార్కెట్లో కొత్తిమీర కట్టలు అమ్మేసి వచ్చి, జరీ చీర కట్టుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. "మరి కమిటీ పోరగాండ్లను అడుగరాదు," అంది.

"అడిగిన. శవం సీన్ల గణపతికి అడ్డంగ పరదా కడ్తమన్నరు. గంత దాక ఒప్పుకున్నరు. పండుమంటె మాత్రం ఒక్కడు లేడు. ఒకని పెండ్లానికి ఏడో నెల. ఒకని కొడుకుకు జరం. ఇంకొకని అత్త అప్పుడే ఫోన్ల ఏడుపు షురూ చేసింది."

సీతారాములు చూపు జనరేటర్ పక్కకు వచ్చి అక్కడ ఆగింది.

"సారూ, మీరు గీ కాలనీయేనా?"

"కాదండీ. నాటకం చూద్దామని వచ్చాను."

"సూసెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. పండుకునేటోడు కావాలె." దగ్గరికొచ్చాడు. కిరీటం వంగి అరుణ్‌కుమార్ నుదుటికి తగిలింది. "మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా? గిట్ల చెయ్యొద్దనేటోళ్ళు?"

అరుణ్‌కుమార్ నిజాయితీగా ఆలోచించాడు. తెలిసినవాళ్ళందర్నీ ఒక్కొక్కరిగా తలుచుకుంటూ గ్యాస్ బండ తెచ్చే మనిషి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"లేరు."

సీతారాములు ముఖం వెలిగిపోయింది. ఆ జవాబుకి ఒక మనిషి అంత సంతోషపడటం అరుణ్‌కుమార్ ఎన్నడూ చూడలేదు.

"అయితే మీరే మా రాజకుమారుడు."

"నాకు నటించడం రాదు."

"నటిస్తెనే పరేషాన్. ఊకె పండుకోవాలె. దానికి ముంగట ఒక్క పని. నేను చెయ్యి ఊపంగనే గా తలుపును బయటనుంచి మూడుసార్లు కొట్టాలె. కొట్టినంక సచ్చిపోవాలె. అంతే."

చొక్కా మీద పాత అంగరఖా తొడిగారు. అందులో నాఫ్తలీన్ వాసనా, దాన్ని ఇంతకుముందు తొడుక్కుని చచ్చిపోయిన రాజకుమారులందరి చెమట వాసనా కలిసి ఉన్నాయి. అండాలమ్మ తెల్లపొడి డబ్బా తెరిచింది.

"ముఖం ఇటు పెట్టు బిడ్డా."

ఆమె చెంపల మీద, కనురెప్పల మీద, గడ్డం కింద పొడి అద్దింది. కొత్తిమీర వాసన వేసింది. సెలూన్‌లో తప్ప అతని ముఖాన్ని ఇంకో మనిషి చెయ్యి ముట్టుకుని చాలాకాలమైంది. సెలూన్‌లో చేతులకు తొందర ఎక్కువ. ఈ చేతులకు తొందర లేదు. ఒక చెంప ఎక్కువైందని కొంగుతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది.

"అమ్మా," అన్నాడు కళ్ళు మూసుకునే. "చివర్లో ఆ ముల్లు తీస్తారు కదా. ఎందుకు తీస్తారు?"

"ఏమో బిడ్డా. బుక్కుల ఉన్నది, తీస్తున్న. నాకైతే ఆడ కూసుంటే మోకాళ్ళు గుంజుతయ్. పరదా ఎప్పుడు పడ్తదా అని సూస్త."

*

నాటకం మొదలైంది. అరుణ్‌కుమార్ కోట తలుపు వెనక, ప్లైవుడ్‌కి చెవి ఆనించి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి చెప్పిన నాటకం జానెడు దూరంలో జరుగుతోంది. చెక్క వెనక భాగం మీద 'తడపరాదు' అని రాసి ఉంది. అదొక్కటే కనబడుతోంది.

సీతారాములు ఆజ్ఞ వేశాడు. పొద్దుగూకిన తరవాత ఈ తలుపు తీసినవాడి తల తీస్తానన్నాడు. ఆ గొంతుకి పక్క సందులో కుక్కలు కూడా కాసేపు మొరగడం మానేశాయి. తరవాత లైట్లు తగ్గాయి. పక్క తెర సందులోంచి సీతారాములు చెయ్యి ఊపాడు.

అరుణ్‌కుమార్ తలుపు కొట్టాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

అవతల గజ్జెల్లేని అడుగుల చప్పుడు. చెక్కల మధ్య సన్నటి సందులోంచి పచ్చటి వెలుగు గీతలా పడి, అతని అంగరఖా మీదుగా పాకి, గుండె దగ్గర నిలిచింది. అండాలమ్మ దీపం పట్టుకుని తలుపు దాకా వచ్చింది. ఆమె ఊపిరి అతనికి వినబడుతోంది. తరవాత ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. రెండు బిట్లు. వెలుగు వెనక్కి జరిగింది. గుండె మీంచి భుజం మీదికి, అక్కడి నుంచి చేతి మీదికి వచ్చి వెళ్ళిపోయింది.

అరుణ్‌కుమార్ నాలుగోసారి కొట్టాడు.

అవతల అడుగులు ఆగిపోయాయి. బుక్కులో లేని చప్పుడు అది. పక్క తెరలోంచి సీతారాములు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని, "సారూ, సాలు," అన్నాడు. అరుణ్‌కుమార్ ఐదోసారి కొట్టాడు. గట్టిగా కాదు. పొరుగింట్లో చక్కెర అడగడానికి వచ్చినవాళ్ళు కొట్టినట్టు, మర్యాదగా. తరవాత అరచెయ్యి తలుపుకి ఆనించి అలాగే ఉంచాడు.

కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. వేరుశనక్కాయల పొట్లాలు కూడా ఆగిపోయాయి. ముందు వరసలో ఒక ఆడమనిషి, "తియ్యరాదే," అంది పైకే.

అండాలమ్మ తీయలేదు. తీస్తే నాటకం అయిపోతుంది. కానీ వెళ్ళాల్సినంత తొందరగా వెళ్ళలేదు. దీపం అక్కడే కాసేపు ఉండి, ఆ తరవాతే చిన్నదైంది.

చివరి సీనుకి వినాయకుడికి అడ్డంగా పరదా కట్టారు. పరదా చాలక తొండం బయటే ఉండిపోయింది. తలుపు తీశారు. గుమ్మంలో అరుణ్‌కుమార్ కళ్ళు మూసుకుని వెల్లకిలా పడి ఉన్నాడు. ఆ రకంగా అతను ఆ రోజు కూడా నాటకం చూడలేదు.

సీతారాములు తల బాదుకున్నాడు. కిరీటం ఊడి దొర్లిన చప్పుడు వినబడింది. ఆ తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అండాలమ్మ మోకాళ్ళు చిటుక్కుమనడం కుర్చీల దాకా వినబడి ఉంటుంది. ఆమె కూర్చుంది. అతని ఎడమ కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. మడమ మీద పగుళ్ళని బొటనవేలితో తడిమింది. అరికాలి మీద వేలు పెట్టింది.

అతనికి చక్కిలిగింత. ఆ సంగతి పాఠంలో ఎక్కడా లేదు. పళ్ళు బిగపట్టాడు. వేలు ఒకచోట ఆగి గోటితో చర్మాన్ని కొద్దిగా ఒత్తింది. లేని ముల్లుని పట్టుకుంది, లాగింది, వెలుగులోకి ఎత్తి చూసి పక్కన పడేసింది. బుక్కులో అంతవరకే ఉంది. ఆ తరవాత ఆమె తల వంచి, ముల్లు తీసిన చోట ఉఫ్ మని ఊదింది. నొప్పి తగ్గడానికి.

శవం కంటి చివర నుంచి నీళ్ళు బయల్దేరి, తెల్లపొడి మీద దారి చేసుకుంటూ చెవిలోకి దిగాయి. ఇంకో కంటి నుంచి కూడా దిగాయి. ఛాతీ ఎగిరింది. ఆపుదామనుకుంటే ఇంకా ఎగిరింది.

"మమ్మీ, సచ్చిపోయినాయన ఏడుస్తుండు," అంది ఒక చిన్నపిల్ల.

ఎవరూ నవ్వలేదు. అండాలమ్మ పాదం వదలకుండానే ముందుకు వంగి, జరీ కొంగు తెచ్చి అతని ముఖం మీద కప్పింది. కప్పుతున్నట్టే తుడిచింది.

తెర పడగానే మైకులో లడ్డూ వేలం మొదలైంది.

*

స్టేజీ వెనక అండాలమ్మ చెంబులో పసుపునీళ్ళు కలిపి అతని పాదాల మీద పోసింది.

"ఐదుసార్లు కొట్టిండ్రు సారూ," అన్నాడు సీతారాములు కిరీటం సొట్ట సరిచేస్తూ. "ఇంకొక్కసారి కొడితె మా రాణి తలుపు తీసేస్తుండె. నా రాజ్యం ఆగమైతుండె."

"నాకు చెయ్యి గొళ్ళెం మీదికే పోయింది మరి," అంది అండాలమ్మ. చెంబు పక్కన పెట్టి అరుణ్‌కుమార్ వంక చూసింది. "ఇగ ఇను బిడ్డా. పీనుగ వేషం కట్టినోడు తనంతట తాను ఇంట్లకు పోవద్దు. గుమ్మం బయట నిలబడాలె. లోపలున్నోళ్ళు పేరుపెట్టి రమ్మనాలె. అప్పుడే అడుగు పెట్టాలె. గిది మా నాటకపోళ్ళ పద్ధతి."

"లోపల ఎవరూ లేకపోతే?"

ఆమె సంచీలో చీర మడతపెడుతున్న చెయ్యి ఆపింది. "ఎవరో ఒకరు ఉంటరు బిడ్డా," అని మళ్ళీ మడత పెట్టుకుంది. ఆమె బస్సుకు టైమైపోతోంది.

అది మూఢనమ్మకమని అరుణ్‌కుమార్‌కి తెలుసు. మూఢనమ్మకాల మీద ఆధునిక సాహిత్యం ఏమందో అతను ఒక వీడియో నిండా చెప్పాడు. గది తాళం తీసి, తలుపు నెట్టి, గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల మంచం, బకెట్, గోడకు ఆనించిన గొడుగు. కాసేపు వాటికి అవకాశం ఇచ్చి చూశాడు. ఆ తరవాత, "అరుణ్‌కుమార్," అని తనే పిలిచి, గొంతు మార్చి, "రా," అన్నాడు. దొంగ టికెట్‌తో బస్సెక్కినట్టు అనిపించింది. తలుపు దగ్గరికి లాగి, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పడుకున్నాడు.

పొద్దున ట్యాంకు దగ్గర ముఖం కడుక్కుని, పసుపు అంటిన ప్యాంటుతోనే మెట్రో ఎక్కాడు. సెంటర్‌కి వచ్చి రెండో అంతస్తు దగ్గర ఆగాడు. సందేహాల గదిలో ఖాళీ కుర్చీలు అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు తిరిగి ఉన్నాయి. అతను అందులోకి వెళ్ళకుండా ఇంకో అంతస్తు ఎక్కాడు.

క్లాసు తలుపు తీసే ఉంది. పొద్దుటి రివిజన్ క్లాసు. లోపల నీలం చొక్కా అరుణ్‌కుమార్ అదే పాఠం మళ్ళీ ఒకటిన్నర స్పీడులో చెబుతున్నాడు. "తలుపు అవతల ఉన్నది ఎవరో లోపలివాళ్ళకు తెలియదు. ఇదే ఈ నాటకంలోని విషాదం. రాసుకోండి." పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు. గుమ్మం బయట అరుణ్‌కుమార్ నిలబడ్డాడు. గొంతు సవరించుకోలేదు. తలుపు కూడా కొట్టలేదు. కొట్టాల్సినంత రాత్రే కొట్టేశాడు.

తలుపు పక్క బెంచీలో సంతోషి పేజీ తిప్పబోతూ తలెత్తింది. అతని ముఖం చూసింది. చెవి వెనక ఇంకా మిగిలి ఉన్న తెల్లపొడి చూసింది. ప్యాంటు అంచున పసుపు చూసింది. ఆమె పెన్ను మూసింది.

"బయటనే నిలబడ్డరేంది సార్?"

పిల్లలు ఒక్కొక్కరే తల తిప్పి చూశారు. టీవీలో సారు మాత్రం ఎవరూ చూడకపోయినా వేలు పైకెత్తి మూడో ప్రతీకలోకి వెళ్ళాడు.

సంతోషి లేచి నిలబడింది. "రాత్రి మీరు కొడుతుంటె తియ్యమని అరిచింది మా అమ్మనే సార్. ఇంటికి పోయినంక గూడ నిద్రపోలే. నాకు ముల్లు డౌటు ఇంక అట్లనే ఉంది."

"నాక్కూడా," అన్నాడు అరుణ్‌కుమార్.

ఇది సందేహాల గది కాదు. ఇక్కడ కెమెరా లేదు. ఇది కూడా జోగారావు లెక్కలోకి రాదు.

ఆమె బెంచీలో పక్కకు జరిగింది. సంచి తీసి కింద పెట్టింది. ఒక మనిషికి సరిపోయేంత చోటు వచ్చింది.

"అరుణ్‌కుమార్ సార్," అంది. "లోపలికి రండి."

ఆ క్లాసులోకి చెప్పులు విప్పి వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు. అతను వంగి, చెప్పులు రెండూ విప్పి గుమ్మం పక్కన జతగా పెట్టి, కుడికాలు లోపల పెట్టాడు.